మకావ్ కరుస్తోంది, పాప దగ్గరికి పోవాలంటే భయపడుతోంది – నల్గొండ నుంచి

నల్గొండ అమ్మ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నీలం, పసుపు రంగుల మకావ్ (పెద్ద జాతి విదేశీ చిలుక) ఉంది. పేరు బంగారి, వయసు ఐదేళ్లు దాటింది. ఈకలు కూడా సరిగా రాని పిల్లగా ఉన్నప్పుడు మావారు తెచ్చారు. సిరంజితో మేత పెట్టి పెంచాం. నేను కూరగాయలు తరుగుతుంటే భుజం మీద కూర్చుని చూసేది, పాప హోంవర్క్ చేస్తుంటే పెన్సిల్ లాక్కునేది. గట్టిగా కరిచింది ఎన్నడూ లేదు.

సంక్రాంతి దాటినప్పటి నుంచి మారిపోయింది. నీళ్లు మార్చడానికి పంజరంలో చెయ్యి పెడితే మీదికి దూకుతోంది. పోయిన వారం నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు, కుట్లు పడ్డాయి. పాప పక్క నుంచి నడిచిపోయినా మెడ చాచి అందుకోబోతోంది. మావారిని మాత్రం ఏమీ అనదు. కానీ మొన్న ఆయన భుజం మీద ఉన్నప్పుడు నేను టీ ఇవ్వడానికి వెళ్తే నన్ను వదిలేసి ఆయన చెవి కరిచింది! అదెందుకో మాకు అస్సలు అర్థం కాలేదు.

చిన్నపిల్ల ఉన్న ఇల్లు, ఎవరికన్నా ఇచ్చేయండి అంటున్నారు మా అత్తమ్మ. నాకు ఇవ్వబుద్ధి కావడం లేదు. కానీ పొద్దున లేచి పంజరం దగ్గరికి పోవాలంటే టెన్షన్‌గా ఉంటోంది. పెద్ద పక్షుల్ని పెంచినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జడ్చర్ల పశువైద్యురాలు

అమ్మా, ముందు మీ వేలి సంగతి. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? వాపు పెరిగినా, చీము పట్టినా, వేలు మడవడం కష్టమైనా ఆలస్యం చేయకుండా మళ్లీ డాక్టరుకు చూపించండి. మకావ్ కాటు లోతుగా నలిపేస్తుంది, పైన గాయం చిన్నగా కనిపించినా లోపల దెబ్బ ఎక్కువ ఉండొచ్చు. ఇకముందు ఎవరినైనా కరిస్తే ముందు పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగండి. పసుపు, సున్నం అద్దకండి. రేబిస్ మాత్రం పాలిచ్చే జంతువుల జబ్బు. చిలుక కరిచినందుకు కుక్కకాటు టీకా అక్కర్లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి చెప్తున్నాను.

ఇక పక్షి సంగతి. ఉన్నట్టుండి స్వభావం మారితే ట్రైనింగ్ కన్నా ముందు పరీక్ష. పక్షులు జబ్బును దాచుకుంటాయి, బాగా ముదిరితే గానీ బయటపడదు. ఈకలు ఉబ్బించి కూర్చుంటోందా? ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోందా? రెట్ట రంగు, నీరు మారాయా? వంటింటి త్రాసు మీద చిన్న కర్ర పెట్టి రోజూ పొద్దున మేతకు ముందు తూచండి. ఈ జాతి పెద్ద పక్షి సుమారు 900 నుంచి 1300 గ్రాముల దాకా ఉంటుంది. మీ పక్షికి మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తే తగ్గడం వెంటనే పట్టుకోవచ్చు.

ఇంకో ప్రశ్న, అది ఆడదా మగదా? ఈ జాతిలో పైకి చూస్తే తేడా తెలియదు, డీఎన్ఏ పరీక్షతో తెలుస్తుంది. ఆడదైతే గుడ్డు లోపల ఇరుక్కోవడం అనే ప్రమాదం కూడా చూసుకోవాలి. పంజరం కొత్తదా? జింకు పూత తీగ ఉన్న పంజరాన్ని కొరికితే ఆ విషం కూడా ఎక్కుతుంది. కోళ్ల మందు ఇచ్చే చోటికి తీసుకుపోకండి. పక్షులు చూసే డాక్టరే కావాలి. మీకు దగ్గరలో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రిలో అడగండి.

దేవరకొండ తమ్ముడు

అక్కా, ఇంత ఆలోచన అక్కర్లేదు. మా బాబాయి దగ్గర కాకటూ చిలుక ఉండేది. కరిచినప్పుడల్లా ముక్కు మీద వేలితో ఒకటి గట్టిగా కొడితే ఊరుకునేది. ఇంట్లో ఎవరు పెద్దో దానికి తెలియాలి. రెక్కలు కూడా కత్తిరించెయ్యండి, పొగరు దిగుతుంది.

గద్వాల టీచర్

తమ్ముడూ, ఈ సలహా ఎవరూ పాటించకూడదని నా గట్టి అభిప్రాయం. ముక్కు చిలుకకు నోరు, చెయ్యి రెండూ. దాని కొనలో స్పర్శ నరాలు చాలా ఉంటాయి. అక్కడ కొడితే నొప్పి నిజం, కానీ దానికి అర్థమయ్యేది ఒక్కటే: మనిషి చెయ్యి దగ్గరికి వస్తే దెబ్బ పడుతుంది. మీ బాబాయి గారి కాకటూ ఊరుకున్నదంటే భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటి పక్షి మళ్లీ కరిచేటప్పుడు సైగ కూడా చేయదు. చిలుకల్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే లెక్కతో కాటు రాదు. భయం వల్ల వస్తుంది, నొప్పి వల్ల వస్తుంది, గూడునో జతనో కాపాడుకోవడానికి వస్తుంది, లేదా ఇంతకుముందు కరిస్తే పని జరిగింది కాబట్టి వస్తుంది.

నల్గొండ అక్కా, కరవడానికి ముందు బంగారి ఒళ్లు ఏం చెప్తోందో మీరు చూడాలి. కంటి నల్లపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతుంది. మెడ వెనక ఈకలు లేస్తాయి. తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒళ్లు కిందికి వంచి, రెక్కలు కొంచెం దూరం జరిపి, ముక్కు తెరుస్తుంది. కొన్ని పక్షులు ఇదంతా చేయవు, ఒక్కసారి కదలకుండా నిలబడిపోతాయి. ఆ నిశ్చలం ఇంకా ప్రమాదం. ముఖం మీది తెల్ల చర్మం ఎర్రబడటాన్ని మాత్రం కోపం కింద లెక్క కట్టకండి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ జాతి మకావ్‌ల మీదే గమనించి, పెంచినవాళ్లు మాట్లాడిస్తున్నప్పుడు వాటి బుగ్గలు ఎక్కువగా ఎర్రబడ్డాయని రాశారు. అంటే సంతోషంలో కూడా అవుతుంది. ఒక్క గుర్తు చూసి తీర్పు ఇవ్వకుండా ఒళ్లంతా చూడాలి.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. కరిచిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి. ముందు ఏం జరిగింది, అదేం చేసింది, వెంటనే మీరు ఇంట్లోవాళ్లు ఏం చేశారు. ఆ మూడో దాంట్లోనే చాలా సమాధానాలు దొరుకుతాయి.

నల్గొండ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. టీటీ అయింది డాక్టర్ గారూ, వాపు తగ్గింది. ఆడో మగో తెలియదు. బరువు రేపటి నుంచి చూస్తాను. తిండి తగ్గలేదు, రెట్ట మామూలుగానే ఉంది.

టీచర్ గారు అడిగినవి రాస్తున్నాను. పంజరం హాల్లో టీవీ పక్కనే ఉంటుంది, రాత్రి పదకొండు దాకా మేం మేలుకునే ఉంటాం. తినేది పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు, అప్పుడప్పుడు బత్తాయి. రాత్రి మావారు గోరువెచ్చటి పాలన్నం చేత్తో తినిపిస్తారు, అదంటే దానికి ప్రాణం. తిన్నాక ఆయన ఒడిలో పడుకుంటే తల నుంచి తోక దాకా నిమురుతారు. మధ్యాహ్నం వదిలేస్తే తిన్నగా బెడ్‌రూమ్‌లో దివాన్ మంచం కిందికి పోయి పేపర్లు చింపుకుంటూ కూర్చుంటుంది. అక్కడ ఉన్నప్పుడు పాప బంతి కోసం వంగితే కాలు కరిచింది. కరిచినప్పుడు పాప అరుస్తుంది, నేను అరుస్తాను, అత్తమ్మ చీపురు తెస్తారు, అదేమో రెక్కలు కొట్టుకుంటూ ఇంకా గట్టిగా అరుస్తుంది.

పాలమూరు పక్షులు

చెల్లె, మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. మా ఇంట్లో రెండు మకావ్‌లు పెరుగుతున్నాయి, మహబూబ్‌నగర్‌లో. ఈ వయసు నేను చూశాను.

ఐదారేళ్లకు ఇవి ఈడుకు వస్తాయి. దక్షిణ అమెరికాలో ఈ మకావ్ ఎండి మోడైన తాటిజాతి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. మీ దివాన్ మంచం కింద చీకటి, ఇరుకు, చింపుకోవడానికి కాగితాలు. అది దానికి తొర్ర. గూడు దొరికింది. గోరువెచ్చటి మెత్తటి అన్నం చేత్తో పెట్టడం అంటే జతపక్షి కొసరి తినిపించడం. వీపు, రెక్కల కింద, తోక మొదట్లో నిమరడం జతపక్షి చేసే పనే. టీవీ వెలుగులో రాత్రి పదకొండు దాకా ఉంటే దానికి పగలు చాలా పొడుగైంది, మేత పుష్కలంగా ఉంది, అంటే పిల్లల్ని పెంచే కాలం వచ్చిందని దాని ఒంట్లో లెక్క. మన దగ్గర డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13. సంక్రాంతి తర్వాత ఎలాగూ పగలు పెరుగుతుంది, దాని మీద మీ ఇంటి ట్యూబ్‌లైట్ ఇంకో నాలుగు గంటలు కలుపుతోంది.

మీ ఆయన జత అయ్యారు. మీరు, పాప ఆ జత మధ్యకు వచ్చేవాళ్లయ్యారు. చెవి కరిచింది కూడా అందుకే. పోటీ పక్షి దగ్గరికి వస్తున్నప్పుడు తన జతను అక్కడి నుంచి తోలేయడానికి, లేదా అసలు వాళ్లను అందుకోలేక పక్కనే ఉన్నవాళ్లను కరుస్తుంది. మీ ఆయన మీద ప్రేమ తగ్గలేదు. కానీ ఈ కాలంలో భుజం ఎక్కనివ్వకండి, కన్ను, చెవి, పెదవి అన్నీ ముక్కుకు అందుబాటులో ఉంటాయి.

చేయాల్సినవి: మంచం కింద అడ్డం పెట్టేయండి, ఇవాళే. బెడ్‌రూమ్ తలుపు మూయండి. పాలన్నం మానేయండి, పాలు పక్షులకు అరగవు కూడా. నిమరడం తల, మెడ వరకే. రాత్రి ఏడు, ఏడున్నరకు దానికి వేరే గదిలో చీకటి, నిశ్శబ్దం. పది నుంచి పన్నెండు గంటల నిద్ర పడాలి. పడుకోవడానికి చిన్న పంజరం ఒకటి వేరే ఉంటే సులువు, పెద్దదాన్ని రోజూ జరపక్కర్లేదు. ఇవన్నీ చేస్తే రెండు మూడు వారాల్లో వేడి తగ్గడం మొదలవుతుంది. మీ ఆయనకు చెప్పడం కష్టమని తెలుసు, పాలన్నం ఆయనకూ ఇష్టమైన పనే కదా. కానీ ముందు మారాల్సింది ఆయనే.

మిర్యాలగూడ మిల్లు

అన్న చెప్పింది బాగుంది. నాకో సందేహం. టీచర్ గారు సైగలు చూసి వెనక్కి తగ్గమంటున్నట్టున్నారు. వెనక్కి తగ్గితే అది గెలిచినట్టు కాదా? బెదిరిస్తే మనిషి పోతాడని నేర్చుకుంటుంది కదా?

గద్వాల టీచర్

మంచి ప్రశ్న అన్నా. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నేర్చుకుంటుంది, నిజమే. కానీ ఏం నేర్చుకోవాలన్నది మన చేతిలో ఉంది. మెడ ఈకలు లేపినప్పుడే మనం ఒక అడుగు వెనక్కి వేస్తే, ఈకలు లేపితే చాలని నేర్చుకుంటుంది. మనం పట్టించుకోకుండా చెయ్యి అలాగే పెట్టి, రక్తం వచ్చాక తీస్తే, ఈకలు లేపడం దండగ, కరిస్తేనే పని జరుగుతుందని నేర్చుకుంటుంది. మొదటి పక్షితో ఇంట్లో బతకొచ్చు. రెండోదాన్నే మనం మొండి పక్షి అంటాం. దానికి ఆ మొండితనం మనమే నేర్పామని నేను నమ్ముతాను.

అయితే ఎప్పటికీ వెనక్కి తగ్గుతూ ఉండమని కాదు. నీళ్ల గిన్నె మార్చాలి, పంజరం కడగాలి. అందుకు దానికి ఇష్టమైన వేరే పని ఇవ్వాలి. అదే టార్గెట్ ట్రైనింగ్.

మూరెడు వెదురు పుల్ల తీసుకోండి. బంగారి పంజరంలో ఉండగా, మీరు బయట నిలబడి, తీగల మధ్య నుంచి పుల్ల కొన దానికి కొంచెం దూరంలో చూపించండి. ఆసక్తితో ముక్కుతో తాకిందా, ఆ క్షణమే "శభాష్" అని, పొడవాటి చెంచాలో అక్రోటు ముక్క అందించండి. చెయ్యి అసలు లోపలికి పోదు. పుల్లను పట్టి నమిలేస్తే ఊరుకోండి, మెల్లగా తాకినప్పుడే ముక్క. అక్రోటు, బాదం రోజు మేతలోంచి పూర్తిగా తీసేయాలి, ట్రైనింగ్‌లోనే దొరకాలి, లేకపోతే దానికి విలువ ఉండదు. పూటకు ఐదు నిమిషాలు చాలు. అది విసుక్కోకముందే మీరే ఆపండి.

పుల్ల ఎటు పోతే అటు నడవడం వచ్చాక, పంజరంలో ఒక మూలకు రప్పించి అక్కడే నిలబడితే ముక్కలు ఇవ్వండి. ఒకరు అక్కడ ముక్కలు ఇస్తుంటే ఇంకొకరు ఇటు గిన్నె మార్చేయొచ్చు. ఆ తర్వాత జామ కర్ర మీద స్టెప్ అప్, అంటే చెప్పగానే కర్ర మీదికి ఎక్కడం. చేతి మీదికి చివర్లో, అదీ దానంతట అది కాలు ఎత్తితేనే. ఛాతీకి చెయ్యి ఆనించి బలవంతంగా ఎక్కించే పద్ధతి కొందరు చూపిస్తారు, పెద్ద మకావ్‌తో అది వద్దు.

ముందుగా ఇంకో మాట. చిలుక చేతి మీదికి ఎక్కేముందు ముక్కుతో తాకి చూస్తుంది, చెయ్యి గట్టిగా ఉందో లేదో అని. అప్పుడు భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటే అది పడబోయి నిజంగానే పట్టుకుంటుంది. చాలా ఇళ్లలో కాటు కథ ఇక్కడే మొదలవుతుంది. మీకు ఇప్పుడు భయం ఉంది కాబట్టే ముందు కర్రతో మొదలుపెట్టమంటున్నాను.

జడ్చర్ల పశువైద్యురాలు

టీచర్ గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. కరిచి పట్టుకున్నప్పుడు చెయ్యి లాక్కోకండి, చర్మం చిరుగుతుంది. అరవకండి కూడా, అందరూ కలిసి అరిస్తే దానికి అదో సందడి. దగ్గరలో ఉన్న బల్ల మీదికో నేల మీదికో దాన్ని దించితే కాళ్లకు ఆధారం దొరికి వదిలేస్తుంది. ఆపైన ఓ నిమిషం ఎవరూ దాని వైపు చూడకుండా ఉంటే చాలు. గంటల తరబడి గుడ్డ కప్పి శిక్షించడం వల్ల అది నేర్చుకునేది ఏమీ లేదు. చీపురు మాత్రం ఇక తేవద్దని అత్తమ్మ గారికి చెప్పండి.

రెక్కల గురించి. కిలో బరువున్న పక్షి రెక్కలు ఒక్కసారిగా కత్తిరిస్తే గట్టి నేల మీద పడి ఛాతీ ఎముక దగ్గర చర్మం పగిలిన కేసులు చూశాను. ఎగిరి తప్పించుకోలేని పక్షికి మిగిలే దారి కరవడమే. కాబట్టి కాటుకు రెక్కలు కత్తిరించడం మందు కాదు. కిటికీలకు జాలీలు వేయించండి, ఫ్యాన్ ఆపి వదలండి.

మేత చాలా మారాలి. పొద్దుతిరుగుడు, పల్లీలు అంటే మొత్తం కొవ్వు, విటమిన్ ఎ దాదాపు ఉండదు. ఏళ్ల తరబడి అదే తింటే లివర్ పాడవుతుంది, నోరు, ముక్కు లోపలి పొరలు దెబ్బతింటాయి. మన దగ్గర మునగాకు ఇంటింటికీ ఉంటుంది, అంతకన్నా మంచిది వెతకక్కర్లేదు. క్యారెట్, ఎర్ర గుమ్మడి, తోటకూర, మొలకెత్తిన పెసలు, లేత జొన్న కంకులు పెట్టండి. చిలుకల పెల్లెట్లు (గుళికల మేత) దొరికితే మెల్లగా అలవాటు చేయండి. ఒక్కరోజులో గింజలు ఆపేయకండి, కొత్తది తినకుండా పస్తు ఉండిపోయే పక్షులు ఉంటాయి. పాలమూరు పల్లీ రుచి నాకూ ఇష్టమే కానీ బూజు పట్టిన పల్లీలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, పక్షి లివర్ తట్టుకోలేదు. పెడితే బూజు లేని వేయించినవి, ఒకటో రెండో. అవకాడో, చాక్లెట్, కాఫీ అసలు వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపేస్తుంది, వంటింటికి దగ్గర పంజరం ఉంటే ఆ పెనాలు తీసేయండి.

సూర్యాపేట 65

ఇదే సమస్య మా ఇంట్లో రామచిలుకతో ఉంది. పిల్లలు వేలు పెడితే పొడుస్తోంది. దానికీ ఈ పుల్ల పద్ధతి పనిచేస్తుందా?

పాలమూరు పక్షులు

అన్నా, పనిచేస్తుంది కానీ దానికన్నా ముందు చెప్పాల్సింది వేరే ఉంది. మన దేశపు చిలుకలు, అంటే మెడకు గులాబీ వలయం ఉన్న రామచిలుక, భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక, వీటిని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎంతోమంది ఇళ్లలో ఉన్నాయని అది మారదు. గూడులోంచి పిల్లల్ని తీసి సంతల్లో అమ్ముతుంటే ఎన్ని దారిలోనే చచ్చిపోతాయో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. అలా అని ఇవాళ కిటికీ తెరిచి వదిలేయకండి. చేతి మేతకు అలవాటుపడిన పక్షి బయట బతకలేదు. అటవీ శాఖ ఆఫీసులో మాట్లాడి అప్పగించండి.

సూర్యాపేట 65

సరే అన్నా. రేపు ఆఫీసుకు వెళ్లి అడుగుతాను.

వనపర్తి నాన్న

నల్గొండ చెల్లికి ఒక చిన్న సంగతి. ఎండాకాలం వస్తోంది. మీ వైపు 44 దాటుతుంది కదా. వేడికి చిలుక ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతుంది. అది కోపం అనుకుని దూరంగా ఉండిపోతే వడదెబ్బ తగులుతుంది. ఊపిరి గబగబా తీస్తోందా చూడండి. అలా ఉంటే నీడకు జరిపి, స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్లు కాళ్ల మీద, రెక్కల కింద చల్లండి. ఐసు నీళ్లు వద్దు.

ఈకలు మార్చే కాలంలో కూడా చిరాకుగా ఉంటాయి. ముల్లులా పొడుచుకొచ్చే కొత్త ఈకలో రక్తం ఉంటుంది, దాన్ని నొక్కితే నొప్పి. తల గోకేటప్పుడు ముద్దుగా గోకుతున్నా కరిచిందంటే చాలాసార్లు అదే కారణం.

ఇక పని. మకావ్ అడవిలో రోజంతా ఎగురుతూ, కాయలు పగలగొడుతూ ఉంటుంది. గిన్నె నిండా మేత పోసి ఊరుకుంటే పది నిమిషాల్లో తిని, మిగతా రోజంతా ఏం చేస్తుంది? తాటి మట్టలు, ఎండు కొబ్బరికాయ పీచుతో సహా, మొక్కజొన్న కండెలు, వేప కొమ్మలు ఇవ్వండి. గింజల్ని కాగితంలో చుట్టి, ఆ చుట్టల్ని కండెల మధ్య దూర్చండి. పత్తి చేల పక్క నుంచి, బత్తాయి తోటల నుంచి మాత్రం కొమ్మలు తేకండి, పురుగుమందు కొట్టి ఉంటారు.

నల్గొండ అమ్మ

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పడానికి.

రాజేంద్రనగర్ తీసుకెళ్లాం. డీఎన్ఏ పరీక్షలో ఆడదని వచ్చింది. గుడ్డు ఏమీ లేదు, కానీ రక్త పరీక్షలో లివర్ మీద భారం కనిపించిందని, మేత మార్చమని అన్నారు. జడ్చర్ల మేడం చెప్పినట్టే! మునగాకు మొదట్లో నేలకు విసిరేసింది. నేను దాని ముందు కూర్చుని తిన్నట్టు నటిస్తే వచ్చి లాక్కుని తింది, ఇప్పుడు అదే అలవాటైంది.

దివాన్ కింద అట్టలు కట్టాం. మావారు పాలన్నం మానడానికి బాధపడ్డారు, నేను కాదనను. ఇప్పుడు రాత్రి పెట్టడం మానేసి పొద్దున పుల్ల ట్రైనింగ్ ఆయనా నేనూ పంచుకుంటున్నాం. నా వంతు వచ్చినప్పుడు అక్రోటు నా దగ్గరే దొరుకుతుంది కాబట్టి నన్ను చూస్తే పంజరం ముందుకు వస్తోంది. గిన్నె మార్చడం ఇబ్బంది లేకుండా జరుగుతోంది. జామ కర్ర మీదికి ఎక్కుతోంది. అత్తమ్మ కూడా చెంచాతో ముక్క ఇస్తున్నారు, చీపురు కనపడటం లేదు.

అంతా బాగుందని మాత్రం చెప్పలేను. పోయిన ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు మా ఆడపడుచు కొడుకు వేలు పంజరంలో పెట్టాడు, గీరుకుపోయింది. ఆ రోజు ఇంట్లో మళ్లీ ఇచ్చేద్దాం అనే మాట వచ్చింది. మీరేమంటారు? దాచుకోకుండా చెప్పండి.

మిర్యాలగూడ మిల్లు

చుట్టాల పిల్లాడు వేలు పెట్టడం పక్షి తప్పు కాదు చెల్లె. మనుషులు వచ్చే రోజు పంజరం లోపలి గదిలో పెట్టి తాళం వేయండి.

పాలమూరు పక్షులు

ఇచ్చేయడం గురించి నా మాట. ఈ పక్షులు యాభై ఏళ్లు కూడా బతుకుతాయి. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త మనుషులు, కొత్త భయం. కరుస్తోందని ఇచ్చేస్తే ఆ కొనుక్కున్నవాళ్లూ కరుస్తోందనే ఇంకొకరికి ఇస్తారు, అలా నాలుగైదు ఇళ్లు తిరిగి ఈకలు పీక్కున్న పక్షుల్ని చూశాను. మీరు మార్చాల్సినవి మార్చారు, అది కూడా మారుతోంది. ఇప్పుడు ఇచ్చేయడానికి కారణం నాకు కనపడటం లేదు. పాపకు ప్రమాదం ఉందని, ఇంట్లో ఎవరూ కాపలా ఉండలేరని నిజంగా అనిపిస్తే మాత్రం మంచి ఇల్లు చూసి ఇవ్వడంలో తప్పు లేదు. తెలిసినవాళ్లకు, కరుస్తుందని దాచకుండా చెప్పి ఇవ్వాలి.

కాగితాల సంగతి చూశారా? 2022 సవరణ తర్వాత మకావ్‌లు వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్ కిందికి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో మన దగ్గర పక్షి ఉందని నమోదు చేయాలి. చేతులు మారినా, చనిపోయినా కూడా తెలపాలి. చేయకపోతే ఆలస్యమైనా అటవీ శాఖ వాళ్లను అడిగి చేయించుకోండి.

నల్గొండ అమ్మ

నమోదు మావారు చేశారు అన్నా, కాగితం ఉంది. ఇచ్చే మాట పక్కన పెట్టేశాం. చివరగా ఒకటి అడుగుతాను. మా పాపకు తొమ్మిదేళ్లు. పుల్ల ట్రైనింగ్ తానూ చేస్తానని రోజూ ఏడుస్తోంది. చేయించొచ్చా?

గద్వాల టీచర్

చేయించండి అక్కా. బంగారి పంజరంలో, తలుపు మూసి ఉండగా. పాప బయట, పక్కనే మీరు. పుల్ల పాప పట్టుకోవాలి, ముక్క చెంచాతో ఇవ్వాలి, వేళ్లు తీగల దగ్గరికి రాకూడదు. ముందు పాపకు పుల్ల ఇవ్వకుండా సైగలు చూడటం నేర్పండి. మెడ ఈకలు లేస్తే "ఆగు" అని తనే చెప్పాలి, మీరు చెప్పకముందే. అది వచ్చాక పుల్ల. చేతి మీద ఎక్కించుకోవడం ఈ ఏడాది వద్దు. ఒకరోజు వీడియో తీసి ఇక్కడ పెట్టండి, మెడ, తోక రెండూ కనిపించేలా పక్క నుంచి తీయండి. ఎదురుగా తీస్తే తోక కనిపించదు.